పెళ్లి ఫోటోలో వాచిన కన్ను

వసుంధరమ్మకి ఈ లోకంలో బొత్తిగా గిట్టనివి రెండే రెండు. ఒకటి, అడుగంటిన పప్పు. రెండోది, ఆదివారం పూట తన వరండాలో కాళ్లు చాపుకుని కూర్చుని, ప్రపంచం పుట్టిన దగ్గర్నుంచీ ఇప్పటిదాకా అందరికంటే గొప్ప బాక్సరు ఎవరో తేల్చే మగవాళ్లు. పప్పుదేముంది, పైపైన తేర్చుకుని వేరే గిన్నెలో పోసుకుంటే తినడానికి పనికొస్తుంది. వీళ్లలో పైపైన తేర్చుకోవడానికి కూడా ఏమీ లేదని ఆవిడ అభిప్రాయం.

వరండా బందరులో, రాబర్ట్‌సన్‌పేటలో ఉంది. సంఘం పేరు పాత బాక్సర్ల సంఘం. అధ్యక్షుడు ఆవిడ భర్త చిట్టిబాబు. సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాడు. కార్యదర్శి కృపానందం, కాలేజీ రోజుల్లో రింగు పక్కన కుర్చీ వేసుకుని గంట కొట్టేవాడు. ఆయన జన్మలో కొట్టింది ఆ గంట ఒక్కదాన్నే. తక్కినవాళ్లూ అటూ ఇటూగా అంతే. ఒకాయన ఇంకొకళ్ల గ్లౌజులకి తాళ్లు కట్టాడు. ఒకాయన సరిగ్గా పోటీ రోజున జ్వరం తెచ్చుకుని పడుకున్నాడు. అందరికీ మోకాళ్ల నెప్పులు, అందరికీ షుగరు, కానీ నోరు విప్పితే మాత్రం లెఫ్ట్ హుక్కులూ అప్పర్ కట్టులూ.

"అలీకి నాలుగో స్థానం ఇద్దామండీ," అన్నాడు కృపానందం ఒక ఆదివారం. "మనిషి మంచివాడే, కాదన్ను. కానీ రింగులో ఆ గెంతులేంటండీ? మా అమ్మమ్మగారిది కూచిపూడి పక్క ఊరు. గెంతుల సంగతి నాకు తెలీదా?"

"నాలుగెక్కువే," అన్నాడు జ్వరం మనిషి. "టైసన్‌ని మాత్రం పూర్తిగా తీసెయ్యాలి. చెవి కొరికాడు."

"తీసెయ్యకండి, కిందికి దించండి," అని తీర్పు చెప్పాడు చిట్టిబాబు. "ఎంతైనా ఆ చేతిలో బలముంది. నా చెయ్యీ అలాంటిదే, అందుకని చెప్తున్నా."

కాఫీ పళ్లెం పట్టుకొచ్చిన వసుంధరమ్మ గుమ్మంలో ఆగింది. "ఆ టైసన్ గారికి కబురు పెట్టారా, కిందికి దించామని? పాపం, మీరేం తేలుస్తారోనని అన్నం మానేసి కూర్చుని ఉంటాడు."

అందరూ కాఫీలు అందుకున్నారు. ఆవిడ మాటలు వాళ్లకి వరండా ముందు వెళ్లే ఆటో చప్పుడులాంటివి, వినపడతాయి, ఆగవు.

ఆ తేల్చుకోవడాలేవో వరండాలోనే పుట్టి వరండాలోనే పోతుంటే ఆవిడకి ఏ బాధా లేకపోను. కానీ గుడివాడలో కొత్తగా బాక్సింగు హాలు కట్టారు. కట్టినవాళ్లు గోడ మీద మన ప్రాంతపు ఆల్ టైం గ్రేట్ బాక్సర్ల బొమ్మలు వేయించాలనుకుని, పెద్దవాళ్లు కదా అని ఈ సంఘాన్నే అడిగారు. ఇంకేముంది. పది బొమ్మలకి చోటుంది, సంఘంలో తొమ్మిది మంది ఉన్నారు. ఒకటో నంబరు చిట్టిబాబు. రెండు కృపానందం, గంట లేకపోతే అసలు బాక్సింగే లేదు కాబట్టి. జ్వరం మనిషికి ఆరు, జ్వరం రాకపోతే గెలిచేవాడే కాబట్టి. అలా పంచుకుంటూ పోగా చివరికి ఒక్క చోటు మిగిలితే, వసుంధరమ్మ అన్నగారు పాండురంగానికి పదో నంబరు పడేశారు.

"ఓడిపోయినవాడే అనుకోండి," అన్నాడు చిట్టిబాబు పెద్దమనసుతో, "కానీ నా చేతిలో ఓడాడు. దానికో విలువుంది."

ఆ మాటకి సాక్ష్యం హాల్లో గోడకి వేలాడుతోంది. వాళ్ల పెళ్లి ఫోటో. ఉప్పెన వచ్చిన మరుసటేడు తీసింది. అందులో చిట్టిబాబు బాసికం కట్టుకుని, నున్నటి మొహంతో, కడిగిన వంకాయలా నిగనిగలాడుతుంటాడు. పక్కన పెళ్లికూతురు వసుంధర. వెనకాల నిలబడిన పాండురంగానికి ఎడమ కన్ను వాచి, మూసుకుపోయి, రంగుల్లేని ఫోటోలో కూడా నల్లగా తెలుస్తుంది. ఇంటికి కొత్తమనిషి ఎవరొచ్చినా, మంచినీళ్లకంటే ముందు చిట్టిబాబు ఆ ఫోటో దగ్గరికి తీసుకెళ్తాడు.

"ఆ కన్ను చూశారూ? మనమే. కాలేజీల ఫైనల్స్. నేను ఒక్కటిచ్చేసరికి మా బావ ఎలా బిగుసుకుపోయాడో చూడండి." అని, వచ్చినవాళ్లు వద్దన్నా ఆ నిలబడ్డం చేసి చూపిస్తాడు. రెండు చేతులూ పొట్ట దాకా దించి, గడ్డం ఎడమ భుజం వైపు తిప్పుకుని, కొయ్యలా. "అలా! భయం! ఇంక కొట్టడం ఎంతసేపు?"

ఇన్నేళ్లుగా ఆ ఆట చూసీ చూసీ వసుంధరమ్మకి విసుగు కూడా పోయింది. మిగిలింది చిన్నచూపు ఒక్కటే. అది మాత్రం కొత్త చింతపండులా ఎప్పటికప్పుడు తాజాగా ఉండేది.

ఎందుకంటే జరిగిందేమిటో ఆవిడకి తెలుసు. వాళ్ల నాన్నగారు బందరు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. కొడుక్కి నడక రాగానే గుద్దడం నేర్పాడు. పాండురంగం చేతులు ఎంత చురుగ్గా ఉండేవంటే, పెరట్లో ఆరేసిన దుప్పటి కదలకుండా దాని మీద వాలిన ఈగని కొట్టేవాడు. జిల్లాలో అతని ముందు నిలబడేవాడే లేడు. ఫైనల్లో గెలిచినవాణ్ణి యూనివర్సిటీ పోటీలకి వాల్తేరు పంపిస్తారు. అక్కణ్ణుంచి దేశమంతా తిరగొచ్చు. పాండురంగం పెట్టె కూడా సర్దుకున్నాడు. సరిగ్గా ఆ ఫైనల్స్ వారంలోనే వసుంధరకి సంబంధం కుదిరి తాంబూలాలు పుచ్చుకున్నారు, పోటీ అయిన మూడో రోజే ముహూర్తం. పెళ్లికొడుకు చిట్టిబాబు. ఫైనల్లో అవతలవైపు ఉన్నదీ ఆ చిట్టిబాబే.

పోటీ రోజు పొద్దున పెరట్లో గిలకబావి దగ్గర నాన్నగారు కొడుకుతో అన్న మాటలు ఆవిడ చెవుల్లో ఇప్పటికీ ఉన్నాయి. "ఒరేయ్ పాండూ, కాస్త చూసుకుని కొట్టు. కాబోయే అల్లుడు. మొహమ్మీద అసలే వద్దు, పెళ్లి ఫోటోలున్నాయి." వెనక నుంచి అమ్మ, "ఏంటండీ చూసుకుని కొట్టేది? అల్లుడి మీద చెయ్యెత్తితే రేపు మన పిల్లని సరిగ్గా ఏలుకుంటాడా? ఓడితే ఏం పోయింది? చూసేవాళ్లకి ఎవరు గెలిస్తే ఏంటి?" అంది. పాండురంగం చేద నీళ్లు నెత్తిన పోసుకుంటూ చెల్లెలి వైపు చూశాడు. తల ఊపాడు.

అల్లుడు వాల్తేరు వెళ్లాడు. అక్కడి కుర్రాడెవరో, ఎవరికీ అల్లుడు కానివాడు, మొదటి రౌండు సగం కాకుండానే పడుకోబెట్టాడు. ఆ రోజు హాస్టలు సాంబారు తనకి పడలేదంటాడు చిట్టిబాబు. పాండురంగం మళ్లీ గ్లౌజులు తొడగలేదు. పామర్రులో టీచరుగా చేరాడు, అవనిగడ్డలో రిటైరై అక్కడే స్థిరపడ్డాడు. అల్లుడికి మాత్రం నిజం ఎవరూ చెప్పలేదు. చెప్పడం మర్యాద కాదన్నారు.

పాండురంగం మనవరాలు సింధూర. ఈ పిల్లకి చేతులు తాతవే వచ్చాయి. అవనిగడ్డ నుంచి వారానికోసారి స్కూటీ మీద పాలకాయతిప్ప సముద్రం ఒడ్డుకి వెళ్లి, ఆ ఇసకలో పరుగెత్తేది. తాతయ్య గొడుగు వేసుకుని కూర్చుని చూసేవాడు. మెచ్చుకునేవాడు కాదు, "మళ్లీ" అనేవాడు. గుడివాడ పిల్ల హేమ ఆమెకి పోటీల్లో స్నేహితురాలైంది. హేమ పోటీలు చూడ్డానికొచ్చిన వాళ్లన్నయ్య సూర్యతేజ, చెల్లెల్ని చూడ్డం మానేసి సింధూరని చూశాడు. ఇళ్లవాళ్లు మాట్లాడుకున్నారు. వచ్చే గురువారం తాంబూలాలు.

ఇంతలో హాలు ప్రారంభం వచ్చి పడింది. ఆ రోజే ఆడపిల్లల పోటీ పెట్టారు. సింధూరదీ హేమదీ ఒకటే బరువు. ఫైనల్లో ఇద్దరూ ఎదురెదురు. గెలిచిన పిల్లని రాష్ట్ర జట్టు ఎంపికకి విశాఖపట్నం పంపిస్తారు.

ముందురోజు పాండురంగం మనవరాల్ని తీసుకుని బందరు వచ్చాడు, పొద్దున్నే అందరూ కలిసి రైల్లో వెళ్లొచ్చని. మధ్యాహ్నం భోజనాల దగ్గర కూర్చున్నారు. పప్పు అడుగంటలేదు, వసుంధరమ్మ మనసు కులాసాగానే ఉంది. అప్పుడు చిట్టిబాబు గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయ్ సింధూరా, రేపు కాస్త చూసుకుని కొట్టు. కాబోయే ఆడపడుచు. మొహమ్మీద అసలే వద్దు. గురువారం ఫోటోలు తీస్తారు."

వసుంధరమ్మ చేతిలో గరిట గాల్లో ఆగింది.

"మరి పోటీ కదా తాతగారూ," అంది సింధూర.

"పోటీలు ఎన్నైనా వస్తాయే. సంబంధాలు వస్తాయా? ఓడితే ఏం పోయింది? చూసేవాళ్లకి ఎవరు గెలిస్తే ఏంటి? ఏం బావా, నేను చెప్పింది సబబేనా?"

పాండురంగం తలెత్తలేదు. మజ్జిగన్నం కలుపుతున్నాడు. అన్నం ఎప్పుడో కలిసిపోయింది, ఆయన ఇంకా కలుపుతూనే ఉన్నాడు.

వసుంధరమ్మ గరిట దించింది. "ఏమండీ, నాకు తెలీక అడుగుతాను. ఆడపడుచుకే అంత మర్యాదైతే, మరి అల్లుడికి ఎంతుండాలంటారు?"

"అల్లుడికైతే ఇంకా ఎక్కువే. అదేం ప్రశ్న?"

"ఏం లేదు, తెలుసుకుందామని. మజ్జిగ వేసుకోండి."

పాండురంగానికి పొలమారింది. చిట్టిబాబు బావగారి వీపు తట్టి, నీళ్ల గ్లాసు అందించి, ఇంకో వడియం వేసుకున్నాడు. ఆ బుర్రలోకి ఏదైనా దిగడానికి ఇంత దారి పడుతుంది కాబట్టే ఆయన్ని సూపరింటెండెంటుని చేశారని వసుంధరమ్మ గట్టి నమ్మకం.

సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తుంటే సింధూర వచ్చి తాడుకి చేతులు వేలాడేసింది.

"మామ్మా, సువర్ణ ఆంటీ కూడా ఫోన్ చేశారు. హేమ వాళ్లమ్మ. మా హేమకి ముక్కు సున్నితమమ్మా, నీకు తెలుసుగా, అన్నారు. అమ్మ అదే అంటోంది, నాన్న అదే."

"మరి ఆ అబ్బాయేమన్నాడు?"

"తేజానా? మీరూ మీరూ చూసుకోండి, నన్ను మధ్యలోకి లాగొద్దన్నాడు."

"తెలివైనవాడే. పిరికివాడు కూడానూ. మీ తాతయ్య?"

"నీ ఇష్టమమ్మా అన్నాడు. ఎప్పుడూ మళ్లీ మళ్లీ అనే మనిషి... నీ ఇష్టం అన్నాడంటే ఓడిపొమ్మనేగా?" పిల్ల తాడు మీది క్లిప్పు ఊడబీకింది. "కొట్టనులే మామ్మా. ఎందుకొచ్చిన గొడవ. విశాఖపట్నం ఎక్కడికీ పోదుగా."

వాల్తేరు కూడా ఎక్కడికీ పోలేదు. అది అక్కడే ఉంది, అన్నయ్యే పోలేదు. వసుంధరమ్మ బట్టలన్నీ పిల్ల చేతుల్లో కుక్కి చరచరా కిందికి దిగింది. పాండురంగం వరండాలో పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు.

"అన్నయ్యా, నోరు విప్పవేం? ఆ పిల్లకి చెప్పు."

"చెప్తే బావగారేమవుతారే?"

"ఏమవుతాడు, మనిషవుతాడు! ఏమైపోతాడోనని ఇన్నాళ్లూ నువ్వు దాచావు, నేను వండిపెట్టాను. నువ్వెందుకు ఆగావో తెలిసి కూడా, ఆ ఫోటో ముందు ఆయన వేసే కుప్పిగంతులు చూస్తూ నోరు మూసుకున్నాను."

"ఆయన సంతోషం మనకేం అడ్డమొచ్చింది వసూ?"

"ఇవాళ వచ్చింది."

పాండురంగం పేపరు మడిచాడు. "నావల్ల కాదే. అంతగా అయితే నువ్వే చెప్పు." అంత చురుకైన చేతులున్న మనిషికి అంత మెత్తటి నోరు ఎలా వచ్చిందో అనుకుంది ఆవిడ. భర్తని చిన్నచూపు చూడ్డం అలవాటే. ఆ పూట అన్నగారికి కూడా అందులో కొంచెం వాటా వెళ్లింది.

పొద్దున రైలెక్కారు. చిట్టిబాబు ఆ ఎండలో కోటు తొడిగాడు. గుడ్లవల్లేరు దాటేసరికి చంకలు తడిసి కోటు రంగు మారింది. అయినా విప్పలేదు, ఒకటో నంబరు మనిషి కదా. కృపానందం పక్కన కూర్చుని ప్రపంచపు జాబితాలో అలీని ఐదుకి దించుదామా అని అడుగుతున్నాడు. సింధూర కిటికీ బయటికి చూస్తోంది. పిల్లకి ఆనాటి సంగతి రైల్లో చెబుదామంటే చుట్టూ సంఘమే.

హాల్లో అడుగుపెడితే ఎదురుగా గోడ. పెయింటరు ఎవరో గాని చిట్టిబాబుకి జన్మలో లేని మీసం పెట్టాడు. చేతులకి గుమ్మడికాయలంత గ్లౌజులు. కృపానందం బొమ్మ చేతిలో గంట. పాండురంగం బొమ్మ మాత్రం చివర, తలుపు పక్కన వచ్చింది. అక్కడ స్విచ్ బోర్డు ఉంటే దాన్ని తప్పించలేక, ఆయన కుడి భుజం ఉండాల్సిన చోట అదే వదిలేశారు. ఎవరో వచ్చి ఆయన భుజం మీద ఫ్యాను స్విచ్ వేశారు.

"బాగా వచ్చావు బావా," అన్నాడు చిట్టిబాబు.

"అవునండీ బావగారూ. గాలి కూడా వస్తోంది," అన్నాడు పాండురంగం.

గంట కొట్టారు. సింధూర ఎర్ర బనీను, హేమ నీలం. ఇద్దరికీ తలకి తొడుగులు, పళ్లమధ్య రబ్బరు ముక్కలు. హేమ వస్తూనే రెండు తగిలించింది. సింధూర చెయ్యి విసిరింది, కానీ అది హేమకి జానెడు దూరంలో ఆగి వెనక్కి వచ్చింది. మళ్లీ విసిరింది, మళ్లీ ఆగింది. దిష్టి తీస్తున్నట్టుంది గాని గుద్దుతున్నట్టు లేదు. హేమ మొహం చిట్లించింది. ముందు వరసలో కూర్చున్న సువర్ణ మాత్రం తృప్తిగా తల ఊపుతోంది, కోడలు అణకువ గలదని.

హేమ ఇంకో రెండు వేసింది. సింధూర తాళ్లకి ఆనుకుంది. రెండు చేతులూ పొట్ట దాకా దిగాయి. గడ్డం ఎడమ భుజం వైపు తిరిగింది. కొయ్యలా నిలబడి, వచ్చే దెబ్బలన్నీ కంటి మీద వేయించుకుంటోంది.

వసుంధరమ్మ పక్కన కుర్చీ కిర్రుమంది. చిట్టిబాబు సగం లేచి ఉన్నాడు. ఆ నిలబడ్డం ఆయనకి తెలియంది కాదు. ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ స్వయంగా చేసి చూపించినదే. భయపడ్డవాడు అలా నిలబడతాడని చెప్పింది ఆయనే. కానీ రింగులో ఉన్న పిల్లకి భయం లేదని ఆయనకి తెలుసు. ఎందుకు కొట్టడం లేదో కూడా తెలుసు. నిన్న అన్నం తింటూ కొట్టొద్దని చెప్పింది తనే.

ఆయన మెల్లిగా కూర్చున్నాడు. కోటులోపల మనిషి చిన్నవాడైపోయినట్టు భుజాలు జారాయి. "ఆడపడుచుకే అంతైతే..." అని గొణిగి, ఆగి, బావగారి వైపు తిరిగాడు. "బావా... నువ్వు ఆ రోజు..."

"ఇప్పుడెందుకండీ అవన్నీ," అన్నాడు పాండురంగం, రింగు మీంచి చూపు తిప్పకుండా. "ఆట చూడండి."

రింగులో హేమ చేతులు దించేసింది. నోట్లో రబ్బరు ముక్కతోనే ముందు వరసకి వినపడేలా అరిచింది. "ఏంటే, హారతిస్తున్నావా? పళ్లెం మర్చిపోయినట్టున్నావ్!" రిఫరీ ఇద్దర్నీ మందలించాడు. గంట మోగింది.

వసుంధరమ్మ లేచింది. మంచినీళ్ల సీసా ఒకటి లాక్కుని సింధూర కూర్చున్న మూలకి నడిచింది. "రాకూడదమ్మా" అని ఎవరో అడ్డొస్తే, "దాహమేస్తుందయ్యా పిల్లకి, నేనేం గుద్దడానికి రాలా" అని ఆయన్ని జరిపేసి తాళ్ల మధ్య నుంచి తల దూర్చింది.

"పెళ్లి ఫోటోలో మీ తాతయ్య కన్ను చూశావుగా?"

"చూశా మామ్మా."

"అది ఓడిపోతే వాచిన కన్ను కాదు. ఓడిపొమ్మంటే వాచింది. అల్లుడు కదా, మొహమ్మీద కొట్టొద్దన్నారు మావాళ్లు. నేను అత్తారింట్లో సుఖపడాలని మీ తాతయ్య అచ్చంగా నీలాగే నిలబడ్డాడు. ఇదిగో, దాని మీద లేచిన గోడ అది. చూడు, ఎంత అందంగా ఉందో."

సింధూర గోడ వైపు చూసింది. మీసాల చిట్టిబాబునీ, స్విచ్ బోర్డు భుజాన్నీ చూసింది.

"నువ్వు కూడా ఆ కన్నేసుకుని తాంబూలాలకి కూర్చుంటే నేను రాను. ఒట్టు. ఓడిపో, నాకేం అభ్యంతరం లేదు. ఆ పిల్ల గట్టిది, ఓడిస్తే ఓడించనీ. కానీ దానం చెయ్యకు. దానికదే ఎంత అవమానమో ఆ హేమ మొహం చూస్తే తెలీటం లా?"

గంట మోగింది. సింధూర లేస్తూ తాతయ్య వైపు చూసింది. పాండురంగం కుర్చీ అంచుకి జరిగి కూర్చున్నాడు. పెదాలు కదిలాయి.

"మళ్లీ."

మొదటి దెబ్బ ఎటు నుంచి వెళ్లిందో వసుంధరమ్మకే కనపడలేదు. హేమ తల వెనక్కి వెళ్లి వచ్చింది. వచ్చిన తలలో కళ్లు మెరిశాయి, అబ్బ ఇప్పటికి వచ్చావా అన్నట్టు. ఆ తర్వాత చూడాలి. ఒకటికొకటి, ఒకటికొకటి. సువర్ణ "అయ్యో! ముక్కు, ముక్కు!" అని చీర చెంగు నోట్లో కుక్కుకుంది. సూర్యతేజ ఎవర్ని ప్రోత్సహించాలో తెలీక రెండు చేతులూ తొడల కింద పెట్టుకు కూర్చున్నాడు. కృపానందం ఉద్వేగంతో లేని గంట కొడుతున్నాడు. చిట్టిబాబు మాత్రం రింగు వైపు చూడ్డం లేదు. బావగారి చేతుల వైపు చూస్తున్నాడు. ఒళ్లో ఉన్న ఆ ముసలి చేతులు రెండూ పిడికిళ్లు బిగించి, మనవరాలి కంటే ఒక్క క్షణం ముందే, తెలిసీ తెలియనట్టు కదులుతున్నాయి.

మూడో రౌండు అయ్యాక సింధూర చెయ్యి పైకెత్తారు. కొంచెంలో గెలిచింది. హేమ పై పెదవి వాచి మూతి పక్కకి పోయింది.

సువర్ణ పరుగున వచ్చింది. "ఏంటమ్మా ఇది? తాంబూలాలకి ముందే ఆడపడుచు మీద చెయ్యెత్తుతావా? రేపు మా ఇంటికొచ్చి..."

"ఆగమ్మా," అంది హేమ, రబ్బరు ముక్క తీసి. "మొదటి రౌండులో ఎత్తలేదుగా, అప్పుడనిపించింది నన్ను చెప్పుతో కొట్టినట్టు. నేనేమైనా ఒకళ్లు పెడితే తినేదాన్నా?" అని సింధూర మెడ చుట్టూ గ్లౌజు వేసింది. "విశాఖపట్నం వెళ్లి ఓడిపోయి రా, చెప్తా నీ సంగతి వదినా."

తిరుగు రైల్లో చిట్టిబాబు కోటు విప్పేశాడు. కృపానందం అలీ సంగతి ఎత్తితే, "ఎక్కడుంటే అక్కడే ఉండనీవయ్యా ఆయన్ని" అన్నాడు. బందరు స్టేషనులో దిగేటప్పుడు పాండురంగం సంచి ఆయన పట్టుకున్నాడు. పాండురంగం వద్దన్నాడు, ఆయన ఇవ్వలేదు. అదొక్కటే.

ఆదివారం వచ్చింది. వరండాలో సంఘం కూడింది. అంతలో సూర్యతేజ చెల్లెల్ని బండెక్కించుకుని స్వీట్ల పెట్టెతో వచ్చాడు. గురువారం తాంబూలాలు బాగా జరిగాయని, అవనిగడ్డ దాకా రాలేకపోయిన సంఘం పెద్దలకి చెప్పడానికట. హేమ మూతి ఇంకా తగ్గలేదు. ఆ మూతితోనే ఫోటోలన్నింట్లోనూ నవ్విందట. పాండురంగం కూడా ఆ వేళ చెల్లెలింట్లోనే ఉన్నాడు.

హేమ నేరుగా హాల్లోకి వెళ్లి పెళ్లి ఫోటో ముందు నిలబడింది. "తాతగారూ, ఈయన కన్నేంటి, నా మూతిలా ఉంది?"

వరండాలో కుర్చీలన్నీ ఇటు తిరిగాయి. చిట్టిబాబు అలవాటుగా లేచాడు. ఫోటో దగ్గరికి వెళ్లాడు. అలవాటుగానే చేతులు పొట్ట దాకా దించాడు, గడ్డం భుజం వైపు తిప్పాడు. అక్కడ ఆగిపోయాడు. అలాగే, పక్కకి తిరిగిన గడ్డంతోనే, ఎవర్నీ చూడకుండా అన్నాడు.

"నేను కొట్టిందేనమ్మా. ఆయన కొట్టనిచ్చాడు. కొత్తల్లుణ్ణి కదా."

కృపానందం చేతిలో జంతిక విరిగింది. ఏమీ తోచనప్పుడు ఆ సంఘానికి వచ్చిన పని ఒకటే. "అయితే నంబర్లు మార్చాలండీ," అన్నాడు కృపానందం. "పాండురంగం గారు ఒకటి. మీరు పది. పెయింటర్ని పిలిపిద్దాం. లేదంటే ఇద్దర్నీ కలిపి ఒకటి అందాం, మర్యాదగా ఉంటుంది."

"నా బొమ్మ కదపకండి," అన్నాడు పాండురంగం. "ఫ్యాను వేసుకోవడానికి వచ్చినవాళ్లైనా నన్ను చూస్తారు."

"నన్ను తీసెయ్యండయ్యా," అన్నాడు చిట్టిబాబు. "అసలు తీసెయ్యండి." ఆ మాట అని కుర్చీలో కూలబడకుండా, లోపలికి పారిపోకుండా, అక్కడే గోడ పక్కన, అందరి కళ్ల ముందు నిలబడి ఉన్నాడు.

వసుంధరమ్మ కాఫీ పళ్లెం పట్టుకుని గుమ్మంలోంచి భర్తని ఎగాదిగా చూసింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయనకి ఒక్క అసలైన దెబ్బ తగలడం, తగిలాక కూడా కాళ్ల మీద నిలబడ్డం ఆవిడ చూడ్డం ఇదే. సరేలే, పదో నంబరు ఇవ్వచ్చు అనుకుంది. అదీ ఆ గంట కొట్టేవాణ్ణి తీసేస్తేనే.